సగం తుపాకీ

"గ్లోవ్స్ తియ్యొద్దు. కెమెరాకి వీపు పెట్టొద్దు. ఫొటోలు కావాలంటే మావాళ్లే తీస్తారు," అన్నాడు డిటెక్టివ్ కోల్‌మన్. "అరగంట టైమ్."

"కోర్టు ఆర్డర్‌లో గంట అని ఉంది," అంది ఛాయాదేవి.

"గంటసేపు చూడ్డానికి ఏముంది మేడమ్? ఒక తుపాకీ, ఒక బుల్లెట్. ఈ బుల్లెట్ ఈ తుపాకీలోంచే వచ్చిందని ల్యాబ్ చెప్పింది. మీరు కళ్లద్దాలు మార్చుకుని చూసినా అదే చెప్తుంది."

ఆమె నిజంగానే కళ్లద్దాలు మార్చుకుంది. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

ఎవిడెన్స్ గదిలో కిటికీ లేదు. బల్ల మీద తెల్ల కాగితం, దాని మీద రఘువీర్ రైఫిల్. ట్రిగ్గర్ కింద ఇనప కొక్కెంలా వేలాడే లివర్, పాతకాలం గుర్రపు రౌతుల చేతుల్లో ఉండే రకం. దాని పక్కన రెండు ప్లాస్టిక్ సంచులు. ఒకదాంట్లో దివాకర్ ఒంట్లోంచి తీసిన బుల్లెట్. రెండోదాంట్లో అడవిలో ఆకుల మధ్య దొరికిన ఖాళీ షెల్.

దివాకర్ అమెరికాలో, బెంటన్‌విల్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కాంట్రాక్ట్ టీమ్‌కి లీడ్. రఘువీర్, అవినాష్ అదే టీమ్‌లో పనిచేసేవాళ్లు. వేట పిచ్చి ముగ్గురికీ ఒకేసారి పట్టింది. ఈ కౌంటీ కొండల్లో కొంత అడవిని సీజన్ వరకు కలిసి లీజుకి తీసుకున్నారు. జింకల సీజన్ మొదలైన రోజు పొద్దున్నే, మైలు దూరం నించి కనిపించే నారింజరంగు జాకెట్ వేసుకుని నడుస్తున్న దివాకర్‌ని ఎవరో వెనకనించి కాల్చారు. అవినాష్ ఆ రోజు జ్వరంతో ఇంట్లో పడుకున్నానన్నాడు. రఘువీర్ మాత్రం అదే అడవిలో ఇంకో చోట చెట్టెక్కి ఒంటరిగా కూర్చున్నాడు. అంతకు నెల ముందు, తన కాంట్రాక్ట్ పొడిగించడం కుదరదన్నందుకు పార్కింగ్ లాట్‌లో అందరి ముందూ దివాకర్ మీద అరిచాడు.

ఇప్పుడు జైల్లో ఉన్నాడు. మధ్యాహ్నం రెండింటికి జడ్జి ముందుకి తీసుకొస్తారు. బెయిల్ రాకపోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో వీసా పోతుంది, ఆ తర్వాత హత్య కేసు ఒక్కటే మిగులుతుంది. అతని లాయర్ రష్మి, తన కేసులకి ఆధారాలు వెతికిపెట్టే ఛాయాదేవితో నిన్న సాయంత్రం ఒకటే మాట అంది: "ఆ బుల్లెట్ రిపోర్ట్‌లో చిన్న సందు చూపించండి ఆంటీ. మిగతాది నేను చూసుకుంటాను."

"దీన్ని విప్పండి," అంది ఛాయాదేవి.

"ఎందుకు?"

"విప్పే తుపాకీ కాబట్టి. మీరు విప్పి చూశారా, లేదా?"

కోల్‌మన్ నవ్వి దగ్గరికొచ్చాడు. లివర్ కిందికి లాగాడు. బ్యారెల్ కింద ఉన్న సన్నటి గొట్టాన్ని కొంచెం ముందుకి జరిపి, ముందు భాగాన్ని పావు చుట్టు తిప్పాడు. తుపాకీ చప్పుడు లేకుండా రెండు ముక్కలై చేతుల్లోకి వచ్చింది. ఒక చేతిలో బ్యారెల్. ఇంకో చేతిలో ట్రిగ్గర్, లివర్, చెక్క పిడి.

"దీన్నే టేక్‌డౌన్ అంటారు. టెన్నిస్ బ్యాగులో పెట్టుకుని వెళ్లినా ఎవరికీ తెలీదు. మీ క్లయింట్ అందుకే కొన్నాడేమో."

"టౌన్‌హోమ్‌లో ఉంటాడు. పొడుగు పెట్టె మోసుకెళ్తుంటే పక్కింటి పిల్లలు భయపడుతున్నారని కొన్నాడు. లివర్ తెరవకుండా విడదియ్యగలరా?"

"కుదరదు."

"లివర్ తెరిస్తే పేలిన షెల్ బయట పడుతుంది."

"అలా పడిందే మాకు దొరికింది. ఒకే బుల్లెట్‌తో పనైపోయింది. మళ్లీ కాల్చే అవసరం లేదు. విప్పి బ్యాగులో పెట్టుకోడానికి లివర్ లాగాడు. షెల్ ఆకుల్లో పడింది. తొందరలో వెతుక్కోలేకపోయాడు. మీరు చెప్పకముందే మాకు తెలుసు మేడమ్."

"బాగుంది. ఇక్కడిదాకా మనిద్దరం ఒకే దారి."

ఆమె వెనక సగాన్ని లైటు కిందికి తిప్పింది. బ్యారెల్ వచ్చి కూర్చునే గుండ్రటి మరల మధ్య, నూనెతో కలిసి గట్టిపడ్డ ఎర్రటి చార. ముందు సగం మరల్లోనూ అదే ఎరుపు. అక్కడక్కడ పసుపు.

"రక్తం కాదు, ఆశపడకండి," అన్నాడు కోల్‌మన్. "ల్యాబ్ చూసింది. ఏదో మొక్క పొడి, రంగు. నూనెలో కల్తీ అనుకున్నాం."

ఛాయాదేవి ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. గన్ ఆయిల్ ఘాటు. దాని వెనక, ప్రతి శుక్రవారం తన వేళ్లకి అంటే వాసన.

"కుంకుమ. ఇది పసుపు. దసరాకి పూజ చేశారు."

"తుపాకీకా?"

"కారుకి చేస్తాం, కుట్టుమిషన్‌కి చేస్తాం, లాప్‌టాప్‌కి చేస్తాం. తుపాకీ ఏం పాపం చేసింది?" ఆమె తలెత్తలేదు. "పూజ చేశారన్నది ముఖ్యం కాదు. బొట్టు బయట పెడతారు. లోపలి మరల్లోకి ఎలా వచ్చింది? విప్పి, ముక్కలుగా పీట మీద పెట్టి పూజ చేశారు. తర్వాత బిగించారు."

"అయితే?"

"ఇంకా తెలీదు. ఆ షెల్ ఇవ్వండి. ల్యాబ్‌వాళ్లు ఈ తుపాకీతో పరీక్షకి కాల్చిన షెల్స్ కూడా."

కోల్‌మన్ వాచీ చూసుకుని, వాటినీ తెచ్చి పెట్టాడు. ఆమె భూతద్దం తీసింది. ప్రతి షెల్ అడుగునా మధ్యలో చిన్న బిళ్ల ఉంటుంది. పిన్ను వచ్చి దాన్ని పొడిస్తేనే తుపాకీ పేలుతుంది. ల్యాబ్‌లో కాల్చిన షెల్స్ అన్నిటికీ ఆ గుంట సరిగ్గా నట్టనడుమ ఉంది, అమ్మాయి నుదుట పెట్టిన బొట్టులా. అడవిలో దొరికినదానికి పక్కకి జరిగి ఉంది, అద్దం లేకుండా పెట్టుకున్నట్టు.

ఆమె మళ్లీ చూసింది. తర్వాత భూతద్దాన్ని అతని వైపు జరిపింది.

"బుల్లెట్ మీద గీతలు పడేది ఎక్కడ?"

"బ్యారెల్‌లో."

"ఈ గుంట పెట్టేది?"

"పిన్ను." అతను వంగి చూశాడు. వెంటనే నిటారుగా అయ్యాడు. "షెల్స్ పోలిక ఇంకా క్యూలో ఉంది. బుల్లెట్ కలిశాక తొందరేముందని..."

"బ్యారెల్ ముందు సగంలో ఉంది. పిన్ను వెనక సగంలో ఉంది. మీరు ముందు సగం మాత్రం పరీక్ష చేయించారు. సగం తుపాకీ మీద మనిషిని జైల్లో పెట్టారు డిటెక్టివ్. దివాకర్‌ని చంపినప్పుడు ఈ బ్యారెల్ వెనక ఉన్నది ఈ ముక్క కాదు. ఇంకొకటి."

కోల్‌మన్ భూతద్దం పక్కకి పెట్టాడు. తర్వాత బల్ల అంచు మీద కూర్చున్నాడు.

"మీరు ఇదివరకు ఇన్సూరెన్స్‌లో పనిచేశారట కదా. కాలిపోయిన కిచెన్లు, తడిసిన కార్పెట్లు."

"ఔను. ఎక్కువ అబద్ధాలు అక్కడే విన్నాను."

"అయితే ఇది కూడా వినండి. రఘువీర్ తుపాకీ దాచే క్యాబినెట్ తాళం అతనొక్కడి దగ్గరే ఉంటుంది. ఇంకెవరూ దాన్ని తెరవలేదు. చెప్పింది నేను కాదు, అతని భార్య. సంతకం కూడా పెట్టింది. మరి ఈ బ్యారెల్ తనంతట తాను లేచెళ్లి ఇంకో పిడిని పెళ్లి చేసుకుని, హత్య చేసి, విడాకులు తీసుకుని ఇంటికొచ్చిందా?"

"పెళ్లి చేసినవాళ్లు ఎవరో కనుక్కుంటాను," అంది ఛాయాదేవి గ్లోవ్స్ తీస్తూ.

"మేడమ్." అతని గొంతులో వెటకారం పోయింది. "తాళం తీసింది ఎవరైనా, ఆ ఇంట్లోవాళ్లే అవుతారు. అది ఆలోచించుకుని వెతకండి."

*

రఘువీర్ భార్య స్పందన కోర్టుకి తయారై కూర్చుని ఉంది. ఇస్త్రీ చేసిన చుడీదార్, వేసి మర్చిపోయిన జడ. స్టవ్ మీద ఇద్దరికి సరిపోయే కాఫీ కాక పదిమందికి సరిపోయేంత డికాక్షన్ దించి ఉంది.

"ఏమైంది ఆంటీ? గన్ చూశారా? రష్మిగారు ఫోన్ ఎత్తడం లేదు."

"కోర్టులో ఉంటుంది. నువ్వు కూర్చో. నేనడిగినవి మాత్రం చెప్పు. పోలీసులు రఘువీర్‌ని ఎక్కడ అరెస్ట్ చేశారు?"

"ఆఫీస్‌లో."

"ఇక్కడికొచ్చి క్యాబినెట్ తెరిచారు. తాళం పగలగొట్టారా?"

"లేదు. నేనే తాళంచెవి ఇచ్చాను."

"అతని కీచెయిన్ అతని దగ్గరే ఉంది. అప్పుడు అతను స్టేషన్లో ఉన్నాడు. మరి నువ్విచ్చింది ఏది?"

స్పందన వంటింటి అలమర వైపు చూసింది.

"ఎక్కడుంటుంది?"

"కందిపప్పు డబ్బాలో," అంది చివరికి, తల దించుకుని. "రఘునే పెట్టాడు. దొంగలు పప్పు డబ్బాలో వెతకరు అని."

"అయితే తాళం మా ఆయన దగ్గరే ఉంటుంది, నాకు తెలీదు అని సంతకం ఎందుకు పెట్టావ్?"

"ఆంటీ, నాది హెచ్-ఫోర్, డిపెండెంట్ వీసా!" గొంతు ఒక్కసారి లేచింది. "రఘు హంటింగ్ లైసెన్స్ తీసుకున్నాడు కాబట్టి హెచ్-వన్ మీద కూడా గన్ కొనుక్కోనిచ్చారు. లైసెన్స్ లేకపోతే వీసా మీదున్న వాళ్లెవరూ ముట్టుకోకూడదు. అది ఫెడరల్ క్రైమ్ అంట. కొన్న రోజే నాకు చెప్పాడు. స్పందూ, ఇల్లు కాలిపోతున్నా నువ్వు దాన్ని బయటికి తేవద్దు, కాలిపోనీ అన్నాడు. నేను ముట్టుకున్నానని పోలీసులకి ఎట్లా చెప్తాను?"



"ముట్టుకున్నావని నేను అడగలేదు," అంది ఛాయాదేవి మెల్లగా.

స్పందన రెండు చేతులతో మొహం కప్పుకుంది.

ఛాయాదేవి లేచి కాఫీ కలిపింది. చక్కెర ఎక్కువే వేసి ఆమె ముందు పెట్టింది. తాగేదాకా ఆగింది.

"దసరా నించి చెప్పు. పూజ ఎక్కడ చేశారు?"

"ఇక్కడే, ఈ హాల్లో. దివాకర్ గారు వచ్చారు, అవినాష్ వచ్చాడు. అవినాష్‌ది కూడా సేమ్ రైఫిల్ ఆంటీ. ఇద్దరూ ఒకే రోజు, ఒకే షాపులో కొన్నారు. ఒకటే మోడల్, బుల్లెట్ సైజు కూడా ఒకటే, థర్టీ-థర్టీ. రామలక్ష్మణులు అని దివాకర్ గారు ఏడిపించేవారు. రెండూ విప్పి, తువ్వాలు పరిచి దాని మీద పెట్టాం. నాలుగు ముక్కలు. నేనే బొట్లు పెట్టాను. బొట్టు పెట్టినప్పుడు ముట్టుకోలేదు, నిజంగా, వేలు మాత్రం..."

"సరే. తర్వాత?"

"భోజనాలు. ఆ రోజు కొంచెం అదోలా అయింది. దివాకర్ గారు జోకులేస్తూ ఉన్నారు. అవినాష్‌తో, ఒరేయ్, నీ ఇంటర్వ్యూ రికార్డింగ్ ఒకటి దొరికింది, కెమెరా పాడైందన్నావ్ సరే, గొంతు కూడా పాడైందా అన్నారు. రఘు నవ్వాడు. అవినాష్ నవ్వలేదు."

ఛాయాదేవి కప్పు కింద పెట్టింది. ఎవరితోనో ఇంటర్వ్యూ ఇప్పించి, ఉద్యోగంలో తాను చేరడం. తెలిసిన రోజు ఉద్యోగంతో పోదు. వీసా పోతుంది, మళ్లీ ఈ దేశంలో అడుగుపెట్టే దారి పోతుంది.

"భోజనాలయ్యాక రైఫిళ్లు ఎవరు బిగించారు?"

"అవినాషే. రఘు వీడియో కాల్‌లో మా అత్తగారికి పూజ చూపిస్తున్నాడు."

"రఘువీర్ తన రైఫిల్‌తో మళ్లీ ఎప్పుడు కాల్చాడు?"

"సీజన్ మొదటి రోజే. ఆఫీస్‌లో రిలీజ్ ఉండి మధ్యలో రేంజ్‌కి వెళ్లలేదు. ఆ పొద్దున..." ఆమె ఆగింది. "ఆ పొద్దున జింక కనపడిందంట. కాల్చాడు, తగల్లేదు. ఆగస్ట్‌లో రేంజ్‌లో అంత బాగా కాల్చినవాడు, ఇంటికొచ్చి ఒకటే గొణుగుడు. సైట్ పక్కకి పోయింది, ఎడంవైపు కొడుతోంది అని. సాయంత్రానికి దివాకర్ గారి సంగతి తెలిసింది. ఇంక ఆ మాటే లేదు."

"గురి చూసే ముల్లు ఉండేది బ్యారెల్ మీద. ఎవరి కంటికి తగ్గట్టు వాళ్లు సరిచేసుకుంటారు. రఘువీర్ చేతిలో ఉన్నది వేరే కంటికి సరిచేసిన బ్యారెల్." ఛాయాదేవి ముందుకి వంగింది. "స్పందనా, అవినాష్ ఎప్పుడొచ్చాడు?"

అవినాష్ వచ్చిన సంగతి తను చెప్పకుండానే అడిగేసరికి ఆ పిల్ల కళ్లలో భయం మారింది. ఇంతవరకు తన కోసం భయపడింది. ఇప్పుడు ఇంకేదో.

"మర్నాడు. రఘు దివాకర్ గారి ఇంటికి వెళ్లాడు, వాళ్ల అన్నయ్యతో మాట్లాడాలని. అవినాష్ ఇక్కడికి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చాడనుకున్నాను. వదినా, పూజ రోజు మా ముక్కలు మారిపోయాయి, నా బ్యారెల్ మీకొచ్చింది, మీది నాకొచ్చింది, ఇదిగో మీది తీసుకుని నాది ఇచ్చెయ్ అన్నాడు. రఘు ఎడంవైపు కొడుతోంది అన్నాడు కదా, నాకు నిజమే అనిపించింది. క్యాబినెట్ తీశాను. అవినాష్ చెప్తుంటే నేనే విప్పాను, నేనే మళ్లీ బిగించాను. తను ముట్టుకోను అన్నాడు. రఘు వస్తువు, తను లేకుండా ముట్టుకోవడం బాగోదు అన్నాడు."

"రఘువీర్‌కి చెప్పావా?"

"నేను చెప్తాలే వదినా, ఇప్పుడు తన మనసు బాగోలేదు అన్నాడు. నాకూ అదే మంచిదనిపించింది. నేను గన్ పట్టుకున్నానంటే రఘు చంపేస్తాడు..." అన్న మాట విని తానే ఉలిక్కిపడింది.

"మీ ఇంట్లో ప్రెషర్ కుక్కర్లు ఎన్ని?"

"రెండు."

"ఒకే కంపెనీవా?"

"ఔను."

"పండగరోజు హడావిడిలో మూతలు మారితే తెలుస్తుందా? పడుతుంది, ఉడుకుతుంది. ఆవిరి కొంచెం పక్కనించి పోతుంది, అంతే. ఇదీ అంతే. దసరా నించి మీ బ్యారెల్ అవినాష్ తుపాకీకి ఉంది. దివాకర్‌ని చంపిన బుల్లెట్ ఆ బ్యారెల్‌లోంచి వచ్చింది. అందుకే గీతలు మీ బ్యారెల్‌వి. గుంట పెట్టిన పిన్ను మాత్రం అవినాష్‌ది."

స్పందన పెదాలు కదిలాయి. "అంటే మర్నాడు నేను తీసుకున్నది..."

"దివాకర్‌ని చంపినది."

"నేను దాన్ని తీసుకుని... తుడిచి... క్యాబినెట్‌లో పెట్టి తాళం వేశాను."

"ఔను."

ఆమె ఏడవలేదు. లేచి సింక్ దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది. మళ్లీ సబ్బు వేసి కడుక్కుంది.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి ఆంటీ?"

"నిజం చెప్పాలి. రెండింటిలోపు. కోల్‌మన్‌కి, జడ్జికి. నువ్వు ఆ క్యాబినెట్ తెరిచావని తేలితేనే బ్యారెల్ ఎలా మారిందో తేలుతుంది. లేకపోతే నా దగ్గరున్నది పక్కకి జరిగిన గుంట ఒక్కటే."

"నా వీసా?"

"పోవచ్చు." ఛాయాదేవి అబద్ధం చెప్పలేదు. "చెప్పకపోతే అతను పోతాడు."

స్పందన టవల్‌కి చేతులు తుడుచుకుంటూ నిలబడింది. వేళ్లన్నీ ఒక్కొక్కటే తుడిచింది.

"చెప్తాను," అంది. "మొదట్నించీ చెప్తాను. ఎవరడిగినా ఇంక దాచను."

"మంచి పిల్లవి. ముందు రష్మిని ఒక మాట అడుగుదాం."

రష్మి ఫోన్ వాయిస్ మెయిల్‌కే వెళ్లింది. ఛాయాదేవి కోల్‌మన్‌కి చేసింది. అతను మొదటి రింగ్‌కే ఎత్తాడు. వెనకాల కారు వెళ్తున్న చప్పుడు.

"డిటెక్టివ్, ఇంకో తుపాకీ ఉంది. అదే మోడల్. అవినాష్‌ది. మీరు వెంటనే దాని వెనక సగం స్వాధీనం చేసుకోవాలి. పిన్ను పరీక్ష చేయించండి, ఆ షెల్‌కి సరిపోతుంది."

"సరిపోతుందనే నేనూ అనుకుంటున్నాను," అన్నాడు కోల్‌మన్.

"ఏమన్నారు?" అంది ఛాయాదేవి.

"అవినాష్ నా పక్క సీట్లోనే ఉన్నాడు. మీరు వెళ్లిన కాసేపటికి తనంతట తనే స్టేషన్‌కి వచ్చాడు. చాలా విషయాలు చెప్పాడు. మేం మీరున్న చోటికే వస్తున్నాం మేడమ్. పది నిమిషాలు. శ్రీమతిని ఎక్కడికీ కదలనివ్వద్దు."

లైన్ కట్ అయింది.

ఛాయాదేవి ఫోన్‌ని బల్ల మీద బోర్లించింది. "నేను గన్ చూడ్డానికి వెళ్తున్నానని అవినాష్‌కి ఎవరు చెప్పారు?"

"నేనే," అంది స్పందన. ఆ మాట చెప్తున్నప్పుడే మొహం పాలిపోయింది. "పొద్దున మెసేజ్ చేశాను. కోర్టుకి తనే తీసుకెళ్తానన్నాడు కదా, లేటవుతుందని... రోజూ ఫోన్ చేసి కనుక్కుంటాడు ఆంటీ. ఏం తిన్నావ్ వదినా, లాయర్ ఏమన్నారు వదినా అని. నాకు ఇక్కడ ఇంకెవరున్నారు?"

*

రెండు కార్లు వచ్చాయి. మొదటిదాంట్లోంచి కోల్‌మన్ దిగాడు. రెండోదాంట్లోంచి బెంటన్‌విల్ పోలీసులు ఇద్దరు. అవినాష్ కారు పక్కనే నిలబడిపోయాడు. ముప్పై రెండేళ్ల మనిషి, ఆఫీస్ బ్యాడ్జ్ ఇంకా నడుముకి ఉంది. తలుపు దగ్గరున్న స్పందనని చూసి నమస్కారం పెట్టబోయి, చేతులు సగంలో దించేశాడు.

"సారీ వదినా," అన్నాడు తెలుగులో. "రఘు చెప్పొద్దన్నాడు. ఇన్నాళ్లూ చెప్పలేదు. ఇంక నావల్ల కాలేదు."

"ఏం చెప్పొద్దన్నాడు?" అంది స్పందన. "అవినాష్, ఏం చెప్పావ్?"

కోల్‌మన్ వారంట్ కాగితం ఛాయాదేవి చేతికిచ్చాడు. గరాజ్ అని రాసి ఉంది. పోలీసులిద్దరూ అప్పటికే అటు నడిచారు.

"అవినాష్ హంటింగ్ లైసెన్స్ అక్టోబర్ చివర్లో అయిపోయింది," అన్నాడు కోల్‌మన్. "నేను చూశాను, నిజమే. లైసెన్స్ లేకుండా, వీసా మీదున్నవాడు తుపాకీ ఇంట్లో ఉంచుకోకూడదు. ఈ సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. భయపడ్డాడు. లైసెన్స్ ఉన్న ఫ్రెండ్ దగ్గర పెట్టాడు. సీజన్‌కి ముందే. అప్పట్నించి రెండు రైఫిళ్లూ ఈ ఇంట్లోనే ఉన్నాయి."

"అబద్ధం!" అంది స్పందన. "ఇంట్లో ఒక్కటే ఉంది! పోలీసులు వచ్చినప్పుడు కూడా..."

"అప్పుడు మా వారంట్ క్యాబినెట్‌కి, కారుకి మాత్రమే. గరాజ్ చూడలేదు."

గరాజ్ లోంచి కేక వినిపించింది. ఒక పోలీసు గ్లోవ్స్ చేతులతో ఆకుపచ్చ కాన్వాస్ సంచి పట్టుకొచ్చాడు. "బియ్యం బస్తాల వెనక," అన్నాడు. సంచి జిప్ తెరిచి ఉంది. లోపల రెండు ముక్కలు, ఒకదాని పక్కన ఒకటి, గుడ్డలో చుట్టి. వెనక సగం మరల్లో ఎర్రటి చార.

స్పందన దాని వైపు చూసి, అవినాష్ వైపు చూసి, ఛాయాదేవి చెయ్యి పట్టుకుంది.

"మొన్న ఇండియన్ స్టోర్ నించి బియ్యం తెచ్చాడు ఆంటీ," అంది గొంతు కింద పెట్టి. "బరువు నువ్వు మొయ్యలేవు వదినా అని తనే లోపల పెట్టాడు. రెండు బస్తాలు. నేను లోపల ఉప్మా చేస్తున్నాను తనకోసం."

ఛాయాదేవి ఆ చేతిని వదలకుండా కోల్‌మన్ వైపు తిరిగింది. "ఆ సంచి మీద వేలిముద్రలు చూడండి. ఎప్పుడు పెట్టారో, ఎవరు పెట్టారో..."

"చూస్తాం. మేడమ్, మీరు పొద్దున చెప్పింది నేను మర్చిపోలేదు. నిజానికి జడ్జికి ఫోన్లో అదే చెప్పి వారంట్ తీసుకున్నాను." అతని మాటలో గెలుపు లేదు. అలసట ఉంది, అది ఇంకా భయంకరంగా ఉంది. "ముందు సగం ఒకరిది, వెనక సగం ఇంకొకరిది. కరెక్ట్. రఘువీర్ తన బ్యారెల్‌ని స్నేహితుడి పిడికి తగిలించి కాల్చాడు, షెల్ దొరికితే నేరం అటు పోతుందని. తర్వాత విప్పి ఎవరిది వాళ్లకి పెట్టేశాడు. రెండు తుపాకులూ చేతిలో ఉన్నవాడు తప్ప అలా ఎవరూ చెయ్యలేరు. నాకు మీరే చూపించారు."



అవినాష్ తల దించుకుని కారు టైరు వైపు చూస్తున్నాడు. భుజాలు వంగి ఉన్నాయి. దూరం నించి చూసేవాళ్లకి అతను ఈ ఇంటి కోసం ఏడుస్తున్నట్టే ఉంది.

"ఇంక ఒకటే తెలియాలి," అన్నాడు కోల్‌మన్. జేబులోంచి రికార్డర్ తీసి ఆన్ చేశాడు. స్పందన వైపు తిరిగాడు. గొంతు మెత్తగా మార్చాడు. "అమ్మా, మీ ఆయన ఒక్కడే చేశాడా, ఆ ముక్కలు మార్చడంలో ఇంకెవరైనా సాయం చేశారా? మీరు అరెస్ట్‌లో లేరు. మాట్లాడక్కర్లేదు. కానీ ఆ క్యాబినెట్ మీరెప్పుడూ తెరవలేదని సంతకం పెట్టారు. అది నిజమేనా?"

"స్పందనా, ఒక్క మాట మాట్లాడకు," అంది ఛాయాదేవి తెలుగులో. "రష్మి వచ్చేదాకా ఒక్క మాట కూడా వద్దు."

స్పందన ఆమె వైపు తిరిగి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఆశ్చర్యం ఉంది. కాసేపటి క్రితం ఇదే మనిషి, ఇదే ఇంట్లో, చెప్పకపోతే అతను పోతాడు అంది.

"లేదు ఆంటీ. ఒకసారి దాచినందుకే ఇంతదాకా వచ్చింది."

ఆమె ఛాయాదేవి చెయ్యి విడిపించుకుంది. చున్నీ సర్దుకుని రికార్డర్ ముందు నిటారుగా నిలబడింది, స్కూల్లో పాఠం అప్పజెప్పే పిల్లలా. ఇంగ్లీషులో, ఒక్కో మాటా తేటగా పలికింది.

"అది నిజం కాదు సర్. నేను తెరిచాను. దివాకర్ గారు చనిపోయిన మర్నాడు. ముందు ముక్క విప్పింది నేనే. రెండోది బిగించింది కూడా నేనే."

కోల్‌మన్ కళ్లు మూసి తెరిచాడు. వెనకున్న పోలీసు నడుముకున్న సంకెళ్ల దగ్గరికి చెయ్యి పోనిచ్చాడు.

"మొత్తం వినండి సర్, అవినాష్ వచ్చి..." అంటోంది స్పందన. ఆమె చేతులు వెనక్కి తిప్పుతున్న పోలీసు, ఆమెకి ఉన్న హక్కులు గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. ఆ గొంతు కింద ఆమె గొంతు వినిపించలేదు.

ఛాయాదేవి అవినాష్ వైపు చూసింది. అతనప్పుడే తలెత్తాడు. కళ్లు పొడిగా ఉన్నాయి.

"నిజం చెప్పమన్నది మీరే కదా ఆంటీ?" అన్నాడు, పోలీసులెవరికీ అర్థం కాని భాషలో, ఎంతో మర్యాదగా. "మీరైతే అదే చెప్తారని నాకు తెలుసు."